గ్లాసు పట్టుకున్న తీరు

ఓడ దిగి ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. తను చూసిన దాన్ని లూసీ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

చూసింది ఎంతసేపని? అర నిమిషం కూడా కాదు. ఇటలీలో లివోర్నో రేవులో ఓడ ఆగిన రోజు, అమెరికాలోని మోరిస్‌విల్ తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లు ఎనిమిది మంది చొక్కాలకు పద్నాలుగో నెంబరు స్టిక్కర్లు అంటించుకుని బస్సెక్కారు. గంటన్నర ప్రయాణం చేసి, టస్కనీ కొండల్లో ఒక ద్రాక్షతోటకు మధ్యాహ్నం భోజనానికి వెళ్లారు. ఓడవాళ్ల కాగితంలో దాని పేరు 'ఫుడ్ అండ్ వైన్ టూర్'. వైన్ మాట మనకెందుకు, ఫుడ్ తిని, తోట చూసి వచ్చేద్దాం అనుకుని అందరూ ఒప్పుకుని వెళ్లిందే. అక్కడ ఆడవాళ్లు పాస్తా చేసే విధానం చూద్దామని వంటింట్లోకి వెళ్లారు. పిండి చేతులు కడుక్కుని ముందుగా బయటికి వచ్చిన లూసీకి, పందిరి కింద బల్ల దగ్గర భర్త జయరాజు కనిపించాడు. అతని చేతిలో ఎర్రటి వైన్ గ్లాసు ఉంది. మంచినీళ్ల గ్లాసులా గుప్పిట్లో కాకుండా, కింద సన్నటి కాడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకున్నాడు. బల్ల మీద ఆనించి మెల్లగా తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత తాగాడు.

పోయిన వారం మనం ఆమెను ఆ వంటింటి గుమ్మంలోనే వదిలి వచ్చాం.

జయరాజు సంఘపెద్ద. రెండేళ్ల కిందట కొడుకు లెవి ఆఫీస్ పార్టీలో బీర్ సీసా పట్టుకున్న ఫోటో ఒకటి బయటికి వస్తే, ఆ కుర్రాణ్ణి సంఘం ముందు నిలబెట్టి ప్రభువు బల్లకు దూరం పెట్టినవాడు ఈ జయరాజే. 'నా ఇంటి నుంచే మొదలుపెడుతున్నాను' అని మైకులో చెప్పి మరీ పెట్టాడు. రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్లెం తన వరుస దాటి వెళ్లిపోతుంటే లెవి చూస్తూ నిలబడ్డాడు. ఆ నెలలోనే సియాటిల్ దగ్గర బాతెల్‌లో ఉద్యోగం వెతుక్కుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి తల్లితో మాట్లాడతాడు గానీ తండ్రితో ఒక్క మాట లేదు.

అలాంటివాడు ఈ రోజు వస్తున్నాడు. అతను ప్రేమించిన ఫెబీని చేసుకోవాలంటే పెళ్లి సంఘంలో జరగాలని ఫెబీ తండ్రి పట్టుబట్టాడు. సంఘంలో జరగాలంటే లెవి ముందు తప్పు ఒప్పుకుని బల్లలో చేరాలి. రేపు ఆదివారం అతను అందరి ముందూ నిలబడి, తండ్రి వైపు తిరిగి, నన్ను క్షమించండి అనాలి.

శనివారం మధ్యాహ్నం రెండున్నర అయింది. లూసీ వంటింటి బల్ల మీద గుండ్రటి ట్రేలు పరిచి, బొటనవేలంత ప్లాస్టిక్ కప్పుల్లో ద్రాక్షరసం నింపుతోంది. మూతికి సన్నటి గొట్టం ఉన్న మెత్తటి సీసాను నొక్కితే ఒక్కో కప్పులో రెండు గుటకలంత పడుతుంది. నూట నలభై కప్పులు. ఆరేళ్లుగా ఈ పని వాళ్లింట్లోనే. పని అప్పజెప్పిన రోజున పాత పాస్టరమ్మ ఒక మాట చెప్పింది. "అమ్మాయ్, ఎవరి మీదైనా కోపం ఉంటే కప్పు ముట్టుకోకు. ముందెళ్లి తేల్చుకుని రా" అంది. లూసీ ఆ మాట ఎన్నడూ తప్పలేదు. ఒకసారి పక్కింటి ఆమెతో పార్కింగ్ దగ్గర మాటా మాటా వస్తే, వెళ్లి సారీ చెప్పి వచ్చి మరీ నింపింది.

ఈ రోజు ఎవరి దగ్గరికీ వెళ్లకుండానే మొదలుపెట్టింది. మూడు కప్పులు పొర్లాయి.

"వందనాలక్కా!" అంటూ, టూర్‌లో కలిసి తిరిగిన శాంతి గరాజ్ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో రేపటి బల్ల కోసం ఫాయిల్ చుట్టిన రొట్టెలు. "ఈసారి మాడ్చలేదు, చూసుకో."

"ఉప్పు వేయలేదుగా?"

"లేదక్కా. ఆ టస్కనీ వాళ్ల రొట్టెలాగే చప్పగా ఉంది. అబ్బ, అంత పెద్ద బంగ్లా, అంత ఆలివ్ ఆయిల్, రొట్టెలో చిటికెడు ఉప్పుకి గతిలేదు చూడు! నా పర్సులో ఆవకాయ లేకపోతే మనం బస్సులో సొమ్మసిల్లి పడిపోయేవాళ్లం. ఆ తోట ముసలాయన చెంచా నాకి, కళ్లంట నీళ్లు కారుతుంటే 'మోర్, మోర్' అన్నాడే! మా ఆయన ఇప్పటికీ తల్చుకుని నవ్వుతున్నాడు."

లూసీ నవ్వింది. నవ్వి చాలా రోజులైనట్టు ఆమెకే తెలిసింది.

"అయినా అక్కా, అన్నయ్యగారికి ఇన్ని సంగతులు తెలుసని మాకు తెలీదే!"

"ఏం సంగతులు?"

"మనం వంటింట్లో ఉన్నప్పుడు ఆ ముసలాయన ఒక గ్లాసు పోసి, దీన్ని ఎలాంటి పీపాలో ఉంచామో చెప్పుకోండి చూద్దాం అన్నాడట. చెక్కకీ ద్రాక్షకీ ఏంటి సంబంధం అని మా రాజ్ అడిగాడట, పరువు తీశాడు. అన్నయ్యగారేమో టక్కున చెప్పేశారట. ఓకు చెక్క, అదీ కొత్త పీపా కాదు, పాతది అని. ముసలాయన లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చాడట, ఎన్నేళ్ల నుంచి అలవాటు అని అడిగాడట..." శాంతి మాట సగంలో ఆగింది. లూసీ ముఖం చూసింది. "వాసన మాత్రమే చూశారటక్కా. తాగలేదట. రాజ్ చెప్పాడు."

"అవునా."

"అవునక్కా." శాంతి ఫాయిల్ అంచు సర్దింది. "సరే, నేను వెళ్తా. మా నైనికని డాన్స్ క్లాస్‌లో డ్రాప్ చేయాలి. లెవి వస్తున్నాడుగా, సంతోషం. రేపు నిలబడి రెండు ముక్కలు చెప్పేస్తే అయిపోతుంది. పిల్లలన్నాక."

ఆమె కారు వెళ్లిన చప్పుడు వినిపించాక కూడా లూసీ సీసా పట్టుకుని అలాగే నిలబడింది. ఒక్కసారి నోటికి తగిలిన దాని గురించి ఎవరూ అలా చెప్పలేరు. ఆమెకు వైన్ గురించి ఏమీ తెలియదు. వంట గురించి తెలుసు. పప్పులో ఇంగువ పడిందో లేదో వాసన చూసి చెప్పాలంటే ఎన్నేళ్లు పొయ్యి దగ్గర నిలబడాలో తెలుసు.

జయరాజు మేడ మీది నుంచి దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండేళ్ల తర్వాత కొడుకును చూడబోతున్నాడు కదా, మీసం కూడా కత్తిరించుకున్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"మూడూ ఇరవైకి ల్యాండింగ్. కాస్త ముందే దిగొచ్చని చూపిస్తోంది. మూడుంబావుకి స్టార్ట్ అవుదాం, ఎయిర్‌పోర్ట్ పది నిమిషాలేగా."

"కూర్చోండి."

"కప్పులు ఇంకా సగం కూడా కాలేదే? ఇటివ్వు, నేనూ నింపుతా."

"ముట్టుకోకండి. కూర్చోండి." ఆమె గొంతు పెంచలేదు. "ఎన్ని గ్లాసులు తాగారు?"

"ఎక్కడ?"

ఆ మాట నోరు దాటాకే అతనికి అర్థమైంది. లూసీకి కూడా.

"ఎక్కడ అని అడిగారంటే, లెక్కపెట్టుకోవాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయన్నమాట" అంది.

జయరాజు కుర్చీ లాక్కున్నాడు. సంఘంలో తగువు తీర్చేటప్పుడు వాడే మెత్తటి గొంతు తీశాడు. "లూసీ, అది భోజనం. ఆ దేశంలో అన్నం పక్కన మజ్జిగ ఎలాగో అలాగ. పెద్దాయన తన చేత్తో పోశాడు. వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుందని..."

"శాంతి వద్దంది. మేం చర్చ్ పీపుల్ అని మొహం మీదే చెప్పింది. ఆయన మనసేం నొచ్చుకోలేదు. మేమూ చర్చికి వెళ్లేవాళ్లమే, మా ఊరి చర్చిలో బల్ల మీద పెట్టేది ఈ తోటదే అని నవ్వి, శాంతికి జ్యూస్ తెచ్చి పోశాడు."

"అదే నేనూ చెప్పేది! వాళ్లు భక్తి లేనివాళ్లా? వాళ్ల బల్ల మీదే వైన్ ఉంటుంది. వాళ్లందరూ నరకానికి పోతారా? చెప్పు."

ఆ ప్రశ్న లూసీ కూడా పదకొండు రోజులుగా ప్రార్థనలో అడుగుతూనే ఉంది. ఆ పెద్దాయన భోజనానికి ముందు కళ్లు మూసుకుని, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఆయన పెదాలు కదలడం ఆమె చూసింది. ఆ ప్రార్థన దేవుడు వినలేదని అనడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"నాకు తెలీదండీ. నేనంత చదువుకోలేదు. వాళ్లు ప్రార్థన చేసుకుని తాగుతారు, మనం ప్రార్థన చేసుకుని మానేస్తాం. ఇద్దరివీ వింటాడేమో ఆయన. నాకు వైన్‌తో పేచీ లేదు. ఈ మాట రెండేళ్ల కిందట లెవికి ఎందుకు చెప్పలేదు? వాణ్ణి నిలబెట్టినప్పుడు 'వాళ్లు నరకానికి పోతారా' అని ఎవర్నీ అడగలేదే మీరు?"

జయరాజు చొక్కా చేతులు సర్దుకున్నాడు.

"ఓకు చెక్క అని ఎలా తెలిసింది?"

"ఏంటి?"

"పాత పీపా అని కూడా చెప్పారట. ఎక్కడ నేర్చుకున్నారు?"

జయరాజు బల్ల మీద నిండిన కప్పుల వైపు చూశాడు. ఏదో ఒకటి అల్లుతాడని లూసీ అనుకుంది. నమ్మడానికి కూడా సిద్ధపడింది, అంత అలసిపోయి ఉంది. కానీ అతను అల్లలేదు.

"బెంటన్‌విల్‌లో" అన్నాడు.

పదమూడేళ్ల కిందటి మాట. ఆర్కన్సాలో ఆ చిన్న ఊళ్లో మూడేళ్లు ఉన్నారు. ఊరంతా ఒకే పెద్ద కంపెనీ చుట్టూ తిరిగేది. ఆ కంపెనీకి సరుకు పంపే వాళ్లందరికీ అక్కడ ఆఫీసులు ఉండేవి. అలాంటి ఒక డ్రింక్స్ సప్లయర్ దగ్గర జయరాజు కాంట్రాక్ట్ మీద డేటా పని చేశాడు. గురువారం గురువారం క్లయింట్ డిన్నర్ ఉండేది. లూసీ పప్పుచారు రెండుసార్లు వేడి చేసి ఎదురుచూసేది.

"వాళ్లు టేస్టింగులు పెట్టేవాళ్లు. మొదట మొహమాటానికి. తర్వాత... బాగుండేది లూసీ. అబద్ధం ఎందుకు చెప్పాలి."

"లవంగం నమిలేవారు" అంది లూసీ నెమ్మదిగా. "పంటి నొప్పి అన్నారు. నేను డెంటిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మీరు వెళ్లొచ్చారు కూడా."

"వెళ్లాను. పళ్లు బాగున్నాయన్నాడు."

"గురువారాలేనా?"

"మొదట్లో."

"ఇంటికి తెచ్చేవారా?"

"గరాజ్‌లో. టూల్‌బాక్స్ వెనక." అతను నుదురు రుద్దుకున్నాడు. "ఆ కౌంటీలో అప్పట్లో షాపుల్లో అమ్మేవాళ్లు కాదు. మిస్సోరీ బోర్డర్ దాటి వెళ్లాలి. ఇరవై నిమిషాలు."

"ఎప్పుడు వెళ్లేవారు?"

"శనివారాలు."

లూసీ సీసా కింద పెట్టింది. శనివారాలు అతను ఒక్కడే బయటికి వెళ్లింది ఆమెకు గుర్తు లేదు. శనివారాలు సాకర్ ఉండేది. పొద్దున్న తొమ్మిదికి వెళ్లి పన్నెండున్నరకు వచ్చేవాళ్లు, తండ్రీ కొడుకూ. ఇంత ఆలస్యం ఎందుకు అంటే, గేమ్ లేటైందని చెప్పేవారు. ఇద్దరూ చెప్పేవారు.

"వాడు కార్‌లో ఉండేవాడా?"

జయరాజు తల ఊపాడు.

"వాడికి తెలుసా?"

"పన్నెండేళ్లవాడికి తెలీకుండా ఉంటుందా. ఒకసారి అడిగాడు, డాడీ ఇది తప్పు కదా అని. నేను... వాణ్ణి గరాజ్‌లో నా పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం ప్రార్థన చేశాం. మమ్మీకి ఎప్పటికీ చెప్పనని వాడి చేత దేవుడికి మాట ఇప్పించాను."

బయట ఎవరో గడ్డి కోసే మెషీన్ ఆన్ చేశారు. ఆ చప్పుడులో లూసీకి రెండేళ్ల కిందటి ఆదివారం వినిపించింది. మూడో వరుసలో లెవి. అతని చేతికి మైకు ఇచ్చి, ఏమైనా చెప్పుకుంటావా అని పాస్టర్ అడిగాడు. లెవి తండ్రి వైపు తిరిగి, ఆ అమెరికా యాసలో చాలా మర్యాదగా, "ఐ యామ్ సారీ. ఇంకా ఏమైనా చెప్పాలా, డాడీ?" అన్నాడు. ఎంత పొగరు అని వెనక వరుసలో ఎవరో గొణిగారు. లూసీకి కూడా పొగరుగానే తోచింది. ఇంటికి వస్తూ కార్‌లో ఆమె వెనక్కి తిరిగి, "మీ డాడీని చూసి బుద్ధి తెచ్చుకో. జీవితంలో ఒక్క చుక్క ముట్టినవాడు కాదు" అంది. అద్దంలోంచి బయటికి చూస్తూ, "ఓకే మమ్మీ" అన్నాడు లెవి.

ఓకే మమ్మీ. అంతే అన్నాడు.

"వాడు పొగరుగా అడగలేదు" అంది లూసీ. "పర్మిషన్ అడిగాడు."

"నేను మానేశాను లూసీ. ఇక్కడికి వచ్చాక పన్నెండేళ్లు ముట్టలేదు. దేవుడికి తెలుసు. ఆ ఫోటో చూసినప్పుడు వాడిలో నేనే కనిపించాను. నేను పడ్డ గోతిలో వాడు పడకూడదని..."

"పడ్డవాళ్లు గొయ్యి ఎక్కడుందో చూపిస్తారు. మీరు వాణ్ణి చూపించారు."

"భయపడ్డాను!"

"అవును. భయపడ్డారు." ఆమె కళ్లు తుడుచుకోలేదు, అవి పొడిగానే ఉన్నాయి. "వాడు తాగుబోతు అవుతాడని కాదు. వాడు ఏదో ఒక రోజు నోరు తెరుస్తాడని. బల్లకు దూరమైనవాడు మీ గురించి ఏం చెప్పినా కోపంతో అన్నాడనుకుంటారు. అందుకే ముందు వాణ్ణి నిలబెట్టారు. కాదని చెప్పండి."

కాదని చెప్పమని ఆమె నిజంగానే కోరుకుంది. అతను అబద్ధమైనా చెబితే బాగుండునని ఆ క్షణంలో ఆమె మనసు ఎంత పీకిందో ఆ దేవుడికే తెలియాలి. జయరాజు చేతివేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి.

అతను కాదనలేదు.

ఇరవై ఏడేళ్లు ఆమె ఈ మనిషి పక్కన మోకరించింది. కుటుంబ ప్రార్థనలో అతను ఏడిస్తే తనూ ఏడ్చింది. ఆ కన్నీళ్లు కూడా అబద్ధమేనా? కాదేమో. అవి నిజమై ఉండి కూడా మనిషి ఇలా చేయగలడా? దానికి జవాబు ఏ పాస్టర్‌ని అడగాలో ఆమెకు తెలియలేదు.

"రేపు లెవికంటే ముందు మీరు నిలబడాలి" అంది.

"పిచ్చా నీకు?" మెత్తటి గొంతు పోయింది. "నా పెద్దరికం సంగతి వదిలేయ్. ఫెబీ వాళ్ల నాన్న వింటే ఏమవుతుంది? తాగుబోతు ఇంట్లో పిల్లనిస్తాడా ఆయన? నువ్వు లెవికి మేలు చేస్తున్నాననుకుంటున్నావ్. వాడి పెళ్లి చెడగొడుతున్నావ్. రేపు వాడు రెండు ముక్కలు చెబుతాడు, పాస్టర్ గారు ప్రార్థన చేస్తారు, అంతా కవర్ అయిపోతుంది. వాడే ఒప్పుకున్నాక మధ్యలో నీకేంటి?"

"వాడు ఎవరి ముందు తల వంచుతున్నాడో చూస్తూ నేను ముందు వరుసలో కూర్చోవాలా?"

"ఇరవై నిమిషాల పని లూసీ. ఇరవై నిమిషాలు ఓర్చుకో."

ఈ మాటలో దబాయింపు కంటే బతిమాలడమే ఎక్కువ ఉంది. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. అతను చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఫెబీ తండ్రి అలాంటి మనిషే. నిజం చెబితే కొడుకు పెళ్లి ఆగవచ్చు. చెప్పకపోతే కొడుకు జీవితాంతం ఆ గరాజ్‌లో మోకాళ్ల మీదే ఉంటాడు.

బల్ల మీద ఫోన్ మోగింది. ప్రతి శనివారం మూడింటికి, రేపటి ఆరాధన వరుస మాట్లాడుకోవడానికి పాస్టర్ గారు చేసే ఫోన్. జయరాజు చేయి చాచేలోపు లూసీ తీసుకుంది. స్పీకర్ నొక్కింది.

"వందనాలు పాస్టర్ గారూ."

"ఆఁ, లూసీ అమ్మా, వందనాలు! మన పెళ్లికొడుకు దిగాడా? దేవునికి స్తోత్రం. అమ్మా, రేపు రెండో పాట అయ్యాక, బల్లకు ముందు లెవిని పెట్టాను. తండ్రిగా జయరాజు గారే పేరు పెట్టి పిలిస్తే బాగుంటుంది, అందరికీ ఒక ఆదరణగా ఉంటుంది. ఇంకేమన్నా మార్పులు ఉన్నాయా?"

జయరాజు లేచి నిలబడ్డాడు. వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఒకటుంది పాస్టర్ గారూ" అంది లూసీ. "లెవికంటే ముందు ఇంకొకరు మాట్లాడాలి."

"ఇంకొకరా? ఎవరమ్మా?"

జయరాజు బల్ల చుట్టూ తిరిగి ఆమె పక్కకు వచ్చాడు. ఫోన్ కోసం చేయి చాచాడు. లాక్కోలేదు. అరచేయి తెరిచి, అడుగుతున్నట్టు పట్టాడు. అతని కళ్లలో నీళ్లు. తనే చెబుతానంటున్నాడో, ఏదో ఒకటి చెప్పి దాటేస్తాడో లూసీకి తెలియలేదు. నెల కిందటైతే ఆ ముఖం చూసి చెప్పగలననుకునేది.

ఇవ్వడానికే ఆమె చేయి కదిలింది. అప్పుడే ఫోన్ ఆమె అరచేతిలో ఒకసారి వణికింది. తెర పైన ఒక మెసేజ్ దిగింది. పంపింది లెవి. రెండేళ్లలో తండ్రికి రాసిన మొదటి మాట.

'డాడీ, ఫ్లైట్ ఎర్లీగా దిగింది. మీరు ఒక్కరే రండి. రేపటి లోపల మీకు ఒకటి చెప్పాలి. మమ్మీకి తెలీకూడదు.'

లూసీ ఇంకోసారి చదివింది. జయరాజు చేయి ఇంకా చాచే ఉంది.

"అమ్మా, వినపడుతోందా?" అన్నాడు పాస్టర్. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "ఎవరి పేరు రాసుకోమంటారు?"